కాటుక, నూకలు

డిఫరెన్షియల్ విప్పేటప్పుడు ముందు చూసేది పళ్లు కాదు,
డ్రెయిన్ బోల్టు కొసన ఉన్న అయస్కాంతం.
దాని మీది మడ్డిని
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతాను.
కాటుకలా జారితే వయసు.
నూకల్లా గుచ్చుకుంటే రోగం.
ఆ ఎర్ర బండి దగ్గర
రెండూ కలిసే తగిలాయి.

బెజవాడ ఆటోనగర్‌లో
ముప్పై ఎనిమిదేళ్లు లారీల కింద వెల్లకిలా బతికినవాణ్ణి.
ఆకాశం ఎలా ఉంటుందంటే
గ్రీజు కారుతుందని చెప్తాను.
నా షెడ్డు ముందు మోకాలెత్తు కారు ఆగింది,
కిందికి జాకీ కూడా దూరదు.
దిగేది ఎవరో కుర్రాడనుకున్నా.
దిగింది ఇంద్రాణి గారు,
సూర్యారావుపేటలో మత్తు డాక్టరు,
యాభై దాటిన మనిషి, జడలో ఒక పాయ తెల్లన.

నెలకోసారి మద్రాసు పోయి
అక్కడి ట్రాకు మీద, ఎక్కడికీ పోకుండా,
నూట యాభై కిలోమీటర్లు తిరిగొస్తుందట.
ఎందుకమ్మా అన్నాను.
"పడుకున్నవాళ్ల పక్కన మెలకువగా ఉండటం నా ఉద్యోగం, బాజీ.
అక్కడైతే నాతోపాటు బండి కూడా మేలుకుంటుంది."

మలుపులో లోపలి చక్రం నడుస్తుంది,
బయటి చక్రం పరిగెత్తాలి.
ఆ తేడా మింగి ఊరుకునేదే డిఫరెన్షియల్.
లారీది మరీ మెతక.
బురదలో ఒక చక్రం ఊరికే గిరగిరలాడుతుంటే
రెండోదాన్ని నిలబెట్టి చోద్యం చూస్తుంది.
ఈ ఎర్రదాని కడుపులో ప్లేట్లున్నాయి,
అప్పడాల కట్టలా.
కొంత జారాలి, కొంత పట్టాలి.
ఎంతెంతో తేల్చేది ఇనుము కాదు, నూనె.

ఆ సంగతి నాకప్పుడు తెలీదు.
తెలీదని కూడా తెలీదు.
పినియను బేరింగులు మార్చాను.
సింధూరం పూసి తిప్పితే
జామకాయ మీద పంటిగాటులా
అచ్చు సరిగ్గా నడిమధ్య పడింది.
సిగరెట్ కాగితం పెట్టి సందు చూసుకున్నాను.
ఇంత చేసి, చివర్న పీపాలోంచి
లారీలకు పోసే నైంటీ నంబరే పోశాను.
పైగా ఒక మాట:
"నూనె నూనేనమ్మా."

బెంజి సర్కిల్ దగ్గర మెల్లగా తిప్పుతుంటే
వెనక సీటే లేని బండిలో
వెనక నుంచి ఎవరో తలుపు బాదినట్టు దడదడ.
తిట్టలేదావిడ.
తిరగేసిన టైరు మీద కూర్చుని, టీ ఊదుకుంటూ,
"డోసు ఎక్కువైతే మనిషి లేవడు.
తక్కువైతే కోత మధ్యలో కళ్లు తెరుస్తాడు.
మనిషిని చూసి పోయాలి బాజీ, సీసాని చూసి కాదు."

ఆ రాత్రి పోలేరయ్య చేత
డబ్బాల మీది అచ్చంతా చదివించుకున్నాను.
చలిలో డెబ్భై ఐదు, వేడిలో నూట నలభై.
ప్లేట్లు జారడానికి కలిపే మందు వేరే,
దగ్గుమందంత సీసా.
మొత్తం పోశాను. దడ పోయింది.
పట్టూ పోయింది.
మలుపు దాటి తొక్కగానే లోపలి టైరు పొగ చిమ్మిందని
మద్రాసు నుంచి ఫోను.
మళ్లీ దించి, ఈసారి సగం.
సగం కన్నా ఒక మూత తక్కువ.

కొత్త డబ్బా తెరిస్తే మురిగిన గుడ్డు కంపు, గంధకం.
పన్నూ పన్నూ నూరుకునే చోట
కాపలా కాసేది ఆ కంపే.
మా ఫాతిమా మాత్రం
మూడుసార్లు చేతులు కడిగిస్తే గానీ కంచం పెట్టదు.

ట్రాకు నుంచి వచ్చినప్పుడల్లా
దిగిన నూనెని సెలైన్ సీసాలో పట్టించి
ప్లాస్టరు అంటించి తేదీ రాస్తుందావిడ,
ఎవరికీ కొరుకుడుపడని డాక్టరు రాత.
నా అర మీద మూడున్నాయి.
మొదటిది తారు.
రెండోది కషాయం, అడుగున ఇంకా తళుకు.
మూడోది నిన్న వచ్చింది.
వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే
అవతల రోడ్డు మీద వెళ్తున్న లారీ
తేనె రంగులో కనబడింది.

అరగడం అరుగుతూనే ఉంటుంది.
అసలు అరగనివ్వని నూనె
వారధికి ఇవతలా లేదు, అవతలా లేదు.
వేలికి మాత్రం ఈసారి కాటుకే.

పీపా దగ్గర్నుంచి పోలేరయ్య కేకేశాడు,
"మేస్త్రీ, ఈ లారీకి నైంటీ పోసెయ్యనా?"

"ఏం మోస్తుందిరా అది?" అన్నాను.
"ఎక్కడికి?"